చీపురు పట్టినవాడు

అందరికీ నంబర్లిచ్చారు.
నాకు చీపురిచ్చారు.
వేల్స్‌లో మాదొక స్లేటురాతి ఊరు.
ఏటా మే నెల రెండో శనివారం
కొండ చుట్టూ ఆరు మైళ్ల పరుగు,
కొండమీద పడ్డవాళ్లని మోసుకొచ్చే దళానికి
కొత్త స్ట్రెచర్ కోసం.
నేను పరుగెత్తను. అందరికన్నా చివరి మనిషి వెనక
నడుస్తాను.
దారిలో ఎవరూ మిగల్లేదని
ఊరికి చెప్పడం నా పని.

ఈసారి చివరి మనిషి ఎలునెడ్.
డెబ్బై నాలుగేళ్లు. బడి వంటగదిలో
ముప్పై ఏళ్లు గరిటె తిప్పిన చెయ్యి.
మనవడి బూట్లు,
రెండు జతల మేజోళ్లేసినా వదులే.
ఛాతీమీద నాలుగు పిన్నీసుల మధ్య నూట అరవై మూడు,
వానకి సిరా కారి
మూడు ఎనిమిదవుతోంది.

మొదటి మైలు దాకా వాళ్ల వీపులు కనిపించాయి.
తర్వాత బురదలో అడుగులు.
తర్వాత అవీ లేవు,
దారి మళ్లీ గొర్రెలదైపోయింది.

రెండో గేటు దగ్గర జేబులోంచి కాగితం తీసి
తడవకుండా నా చొక్కాలో దాచమంది.
చందాల పట్టీ.
ఇరవై రెండు మంది పాత పిల్లలు, ఇప్పుడు మీసాలవాళ్లు,
మైలుకో పౌను చొప్పున.
ఎదురుగా ఒకడు రాశాడు: "నువ్వు తినిపించిన క్యాబేజీకి ప్రతీకారం."
మాంసం కొట్టు గ్విలిమ్: "పూర్తిచేస్తే ముప్పై, లేకుంటే సున్నా."
అన్నిటికన్నా కింద, చెల్లెలు మెరెరిడ్,
పెన్ను గట్టిగా నొక్కి:
"ఆగితే పది పౌన్లు."

నాలుగు మైళ్లు దాటాక రాయిమీద కూలబడింది.
మోకాలు మొండికేసింది.
మబ్బు కొండని మెడదాకా మింగి
మా వైపు దిగుతోంది.
"లెక్క కట్టు" అంది.
ఇప్పుడాగితే పిల్లలవి ఎనభై ఎనిమిది, చెల్లెలి పది,
తొంభై ఎనిమిది.
పూర్తిచేస్తే నూట అరవై రెండు.
"తేడా?"
అరవై నాలుగు.
"అరవై నాలుగు పౌన్లకి స్ట్రెచర్‌లో ఎంత వస్తుంది?"
నాకేం తెలుసు.
నోటికొచ్చింది చెప్పాను: "ఒక పిడి రావచ్చు."

చాలాసేపు మాట్లాడలేదు.
తర్వాత గడ్డంతో కుడివైపు లోయని చూపించి
"అక్కడే కదా నువ్వు" అంది.
అక్కడే.
పదకొండేళ్ల కిందట, నవంబరులో, తొడ ఎముక విరిగి.
ఆ రాత్రి నాకు నొప్పి కన్నా బాగా గుర్తున్నది
తలవైపు ఎడమ పిడి.
తుప్పుపట్టి ఊడితే తాడుతో కట్టారు,
ఆ ముడి నా చెవి పక్కన
టక్ టక్‌మని, కిందికి దిగేదాకా
నాలుగు గంటలు.
ఎవరికీ చెప్పలేదు. చెప్పేదేముంది,
మోసినవాళ్లకి వంక పెట్టినట్టుంటుంది.

"ఎనిమిది మంది మగాళ్లు" అంది ఎలునెడ్,
"తెల్లారి మూడింటికి నా సూప్ గిన్నె నాకేశారు.
నువ్వు బరువన్నారు."
లేచింది.
"పిడే కదా వాళ్లకి కావాల్సింది."

మిగిలిన రెండు మైళ్లకి గంటన్నర.
అందులో సగం దూరం నా చీపురే ఆమెకి ఊతకర్ర,
కట్టె ఆమె చేతిలో, కుచ్చు ఆకాశంలోకి.
నన్నొక్క మాట అడగలేదు, తీసేసుకుంది.

మేం ఊళ్లోకి దిగేసరికి
రిబ్బను చుట్టి పెట్టెలో పెట్టేశారు.
గెలిచిన కుర్రాడు చిప్స్ తింటూ ఇంటికెళ్లిపోయాడు.
టైం రాసే ఇడ్వాల్ మాత్రం కారు లైట్లు వేసుకుని
లోపల నిద్రపోతున్నాడు, అద్దం మీద కొట్టి లేపాం.
మూడు గంటల నలభై ఒక్క నిమిషం.
గ్విలిమ్ కొట్టు షట్టరు సగమే దించి
దాని కిందనుంచి వంగి చూశాడు,
ముప్పై అన్నాను కదా అని ఇప్పుడే గుర్తొచ్చినట్టు ముఖం పెట్టాడు.

మెరెరిడ్ గొడుగుతో గోడ పక్కన.
తిట్టింది. వెల్ష్‌లో ఉన్న తిట్లన్నీ అయ్యాక
పర్సు తీసి పది పౌన్ల నోటు
బిస్కట్ డబ్బాలో కుక్కింది.
"పూర్తిచేశాను కదే" అంది ఎలునెడ్.
"ఆగితే ఇస్తానన్నాను. ఇప్పుడు ఆగావుగా."

నా చీపురు ఇంకా ఎలునెడ్ దగ్గరే ఉంది.
అడగడానికి ధైర్యం చాల్లేదు.
వట్టి చేతుల్తో వెళ్లి ఇడ్వాల్‌కి చెప్పాను,
దారిలో ఎవరూ లేరని.